మిట్ట కింది గుమ్మం

మా ఇంటాయనకి, మీ ఆవిడ నమస్కారం చెప్పి రాయిస్తున్నది ఏమిటంటే: ఇక్కడ నేను కులాసా. నా మోకాళ్లు కూడా కులాసాగానే ఉన్నాయి, ఈమధ్య అరిచేది నేనే గానీ అవి కావు. అక్కడ మీరు, అమ్మాయి, అల్లుడు, పాప అందరూ కులాసా అని మీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. సంతోషం అంతవరకే. ఆ తర్వాత మీరు రాసిన ముక్కలకి ఒక్కోదానికీ సమాధానం చెబుతాను, నిదానంగా కూర్చుని వినండి.

మీ ఉత్తరం చదివి పెట్టింది నర్సు, ఇది రాస్తున్నదీ ఆవిడే. మీకు తెలిసిన మనిషే, వెనక వీధిలో ఉంటుంది, నీలం సైకిలు మీద ఆసుపత్రికి వెళ్లొస్తుంది. ఇవాళ సెలవు. "మామ్మా, మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తాను, మధ్యలో నా మర్యాద కలపను" అని ఒప్పుకున్నాకే కాగితం చేతికిచ్చాను. అన్నట్టు, ఇకమీదట ఉత్తరం చివర "నువ్వు పక్కన లేక నిద్ర పట్టడం లేదు" లాంటివి రాయకండి. ఆవిడ చదివేటప్పుడు గుమ్మంలో టైలరు, లెక్కల మాస్టారు కూడా ఉన్నారు. మాస్టారు పెద్దమనిషి కాబట్టి ఆకాశం వైపు చూశాడు. టైలరు మాత్రం అప్పటినుంచి నన్ను చూసినప్పుడల్లా "బాబాయికి కునుకు పట్టిందా పిన్నీ?" అని అడుగుతున్నాడు. అలాంటివి రాయాలనిపిస్తే విడిగా ఒక చీటీ మీద రాయండి, నర్సు దాన్ని నా చెవిలో చెబుతుంది.

అమ్మాయి కాలి కట్టు విప్పారని రాశారు. గుండెల మీంచి బండ దింపినట్టయింది. కర్ర పట్టుకుని నడుస్తోందంటే నడవనివ్వండి. మీరు వెనకాల చేతులు చాచుకుని తిరుగుతున్నారట, అల్లుడు ఫోనులో మన అబ్బాయితో చెప్పాడు. "పడతావు, పడతావు" అంటుంటే పడనివాళ్లు కూడా పడతారు. దూరంగా కూర్చుని పాపకి జడ వెయ్యండి. రాకపోతే నేర్చుకోండి.

అన్నం ముద్దవుతోందని అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లకి మీరు నన్ను వంట అడిగారు, అందుకోసమైనా అమ్మాయి కాలికి దండం పెట్టాలి. అక్కడ మీరు కొన్నది కొత్త బియ్యం అయ్యుంటుంది. కొత్త బియ్యం నీళ్లు తక్కువ తాగుతాయి, మీరేమో మన ఇంటి పాత బియ్యానికి పోసినట్టు పోస్తున్నారు. బియ్యం మీద వేలు ఆనించండి, మొదటి గణుపు దాకా నీళ్లు వస్తే చాలు. పొంగు రాగానే మంట తగ్గించండి. ఉడికాక మూత తియ్యకండి. ఇది ముఖ్యం. మీకు మూత తీసి చూసే జబ్బు ఉంది. పొయ్యి ఆర్పేసి, మీరు వెళ్లి ఒక చుట్టు నడిచి రండి, అప్పుడు తియ్యండి.

ఈ గణుపు లెక్క ఇక్కడ చెప్పినప్పుడు పెద్ద గొడవ జరిగింది. మాస్టారు ఒంటరి మనిషి, రోజూ అన్నం మాడ్చుకుని తింటాడు. "ఎవరి గణుపు వదినగారూ? మీ వేలు వేరు, నా వేలు వేరు" అన్నాడు.

"వండేవాడి వేలు" అన్నాను.

"మరి గిన్నె వెడల్పయితే?"

"గిన్నె వెడల్పయితే బియ్యం ఎక్కువ పడతాయి, తినేవాళ్లు ఎక్కువుంటారు, వాళ్లలో ఒకరికైనా వంట వచ్చుంటుంది. వాళ్లని అడుగు."

మర్నాడు స్కేలుతో తన వేలు కొలుచుకుని వచ్చాడు. ఇప్పుడు ఆయన అన్నం మల్లెపూవులా ఉంటోంది. స్కేలు పుణ్యమా, నా పుణ్యమా అన్నది ఇంకా తేలలేదు.

ఇక మీరు మోపిన నేరాలకి వద్దాం.

మొదటిది. "మన గుమ్మం సైకిలు షెడ్డు చేశావట" అని రాశారు. ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఎదురు మేడ కిటికీలోంచి కదలని మనిషి ఒకావిడ ఉంది, మేమంతా కిటికీ అక్క అంటాం. ఆవిడ అబ్బాయికి చెప్పింది, అబ్బాయి మీకు చెప్పాడు. చెప్పింది అబద్ధం కాదు, కానీ షెడ్డు చేసింది నేను కాదు, మీరు. మన గుమ్మం దాటగానే మిట్ట మొదలవుతుంది. ఎత్తు ఎక్కబోతూ జనం పెడలు గట్టిగా తొక్కేసరికి, సాగిన చైనులన్నీ మన వాకిట్లోనే ఊడతాయి. ఇన్నాళ్లూ మీరు లేచి వెళ్లి చైను పెట్టి, వద్దన్నా బ్రేకు కూడా చూసి పంపించేవారు. మీరు ఊరెళ్లారని చైనులకి తెలియదు కదా. ఊడుతూనే ఉన్నాయి. జనం వచ్చి "తాతగారు లేరా?" అని బిక్కమొహం పెట్టేవారు. నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఎంతసేపని చూస్తాను? "కింద పళ్ల మీద ముందు ఎక్కించి, పెడలు వెనక్కి తిప్పు, అదే కూర్చుంటుంది" అన్నాను. కూర్చుంది. మీ చేతులు చూసీ చూసీ నా నోటికి వచ్చేసింది.

అలా మొదలైంది. ఆదివారం పొద్దున నలుగురైదుగురు బజారుకి వెళ్తూ ఇక్కడ ఆగుతారు. గాలి పంపు మన గోడకి ఆనించి ఉంటుంది, మంచినీళ్లు నేను పెడతాను. ఒకరికి తెలిసింది ఒకరికి చెబుతారు. టైలరు వంటనూనె చైనుకి పోసేవాడిని చూస్తే కొట్టడానికి వెళ్తాడు. దుమ్ము పట్టి బంకలా తయారవుతుందట. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, గుడ్డతో తుడిచెయ్యాలట. నర్సు బజారు పాఠం చెబుతుంది. ఉల్లిపాయ మెడ నొక్కి చూడాలి, మెత్తగా ఉంటే లోపల కుళ్లు. బంగాళాదుంపలు కింద, టమాటాలు పైన. ఆకలితో బజారుకి పోకూడదు, కనిపించిందల్లా కొంటాం. హ్యాండిలుకి ఒక్కవైపే సంచీ తగిలిస్తే బండి అటే గుంజుతుంది. నా వంతు అన్నం. ఎవరి ఇంట్లో మాడింది, ఎవరింట్లో పలుకైంది, అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఒక మొగుడూ పెళ్లాల తగువు కూడా వచ్చింది. గిన్నె మార్చుకోమన్నాను, సర్దుకున్నారు.

ఇది షెడ్డు అయితే షెడ్డే. మీరు ఒంటరిగా చేసింది ఇప్పుడు నలుగురం చేస్తున్నాం.

రెండో నేరం కుక్కరు. "కుక్కరు పేలి వంటిల్లు నాశనమైందట, దేవుడు నిన్ను కాపాడాడు" అని రాశారు. దేవుడికి ఇందులో ప్రమేయం లేదు. ఏదీ పేలలేదు. జరిగింది ఇది.

కుక్కరు మూతకి ఉండే రబ్బరు సాగిపోయి ఆవిరంతా పక్కలనుంచి పోతోంది. కొత్తది కొనాలంటే మిట్ట అవతలి బజారుకి పోవాలి. ఆ మాట ఆదివారం వాళ్ల ముందు అన్నాను. అదే నా తప్పు. సైకిలు వాళ్ల ముందు రబ్బరు అన్న మాట ఎత్తకూడదు. టైలరు కళ్లు మెరిశాయి. "పిన్నీ, ట్యూబు రబ్బరుని మించిన రబ్బరు లేదు. మనిషి బరువే మోస్తుంది, ఆవిరి మొయ్యలేదా?" అన్నాడు. మాస్టారు మూత చుట్టుకొలత తీశాడు. నర్సు కత్తెర ఇచ్చింది. ఇప్పుడు తల దించుకుని రాస్తోంది, రాయమ్మా, రాయి. మీ పాత ట్యూబు ఒకటి అటక మీదుంటే తీసి, చక్కగా ఉంగరంలా కోసి, పంచరు బంకతో అతికించి మూతకి తొడిగారు. అందరూ వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయారు. నేనూ మురిశాను, దాచడమెందుకు.

పొయ్యి మీద పెట్టాక కాసేపటికి విజిల్ రాలేదు గానీ వాసన వచ్చింది. ఎండలో నిలబెట్టిన లారీ కింద దూరితే ఎలా ఉంటుందో అలా. మూత పట్టుకుని లాగితే రాదు. ముగ్గురు లాగారు. చల్లారాక మూత టప్పున ఊడి మాస్టారు వెనక్కి కూలబడ్డాడు, కిటికీ అక్క విన్న పేలుడు అదే. అన్నం మాత్రం బాగా ఉడికింది. ఒక్కొక్క మెతుకూ టైరు వాసన. టైలరు పంతానికి ఒక ముద్ద తిని, "బ్రేకు వేస్తే ఆగేలా ఉంది పిన్నీ" అన్నాడు. ఆ రబ్బరు, ఆ బంక వంట గిన్నె దగ్గరికి రాకూడదని నర్సు ఆ తర్వాత మా అందరికీ క్లాసు పీకింది. కత్తెర ఇచ్చింది తనే.

ఆ సాయంత్రమే అబ్బాయి పరిగెత్తుకొచ్చి కుక్కరు పట్టుకుపోయాడు. నేను గిన్నెలో వండుకుంటున్నాను, అదే రుచి.

ఇప్పుడు మూడోది. దీనికోసమే కాగితం అడిగాను.

"నీ మోకాళ్లకి ఇక కష్టం. అబ్బాయి చెప్పినట్టు నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి వాడి దగ్గరికి పోదాం. ఇంటివాళ్లకి కబురు చేశాను" అని రాశారు. నన్ను అడగలేదు. చెప్పారు. అదీ నర్సు చదివి వినిపిస్తే తెలిసింది. నాకు చదువు రాదు గానీ, మాటా పలుకూ వచ్చు కదా.

అబ్బాయిని ఏమీ అనను. మంచివాడు, మీ పోలిక, కంగారు నా పోలిక. కోడలు బంగారం. ఆ మాట ముందే రాయించాను, తర్వాత ఎవరూ పెడర్థం తియ్యకుండా. కానీ ఆ ఇల్లు నాలుగో అంతస్తు. అక్కడికి వెళ్లినప్పుడల్లా "అత్తయ్యా, మీరు కూర్చోండి" అంటుంది. ఆ ఇంట్లో నాకున్న పని కూర్చోవడమే. మొన్న రెండు రోజులుంటే నడుం పట్టేసింది. వంటింట్లోకి వెళ్తే పొయ్యికి మంట లేదు, మీట నొక్కితే కూస్తుంది. కిందికి దిగుదామంటే లిఫ్టులో బొమ్మలు చూసి నొక్కాలి, నేను నొక్కితే ఎప్పుడూ నేలమాళిగలో తేలుతుంది. అక్కడ గేటు కాపలావాడు సైకిలు లోపలికి రానివ్వడు. మీరేం చేస్తారక్కడ? ఎవరి చైను ఊడుతుంది?

మీ కబురు అందుకుని ఇంటివాళ్లు ఎవరో కొత్త జంటని తీసుకొచ్చారు, గదులు చూపించడానికి. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని బియ్యం ఏరుతున్నాను.

"కాస్త జరగండమ్మా" అన్నాడు ఇంటి యజమాని.

"జరగను."

"మీవారు ఖాళీ చేస్తామన్నారు కదా."

"ఆయన ఖాళీగానే ఉన్నారు, అమ్మాయి ఇంట్లో. నేను ఖాళీగా లేను, బియ్యంలో పని ఉంది."

ఆ కొత్త పిల్ల నవ్వింది. పాపం మంచిపిల్ల. "అవ్వా, ఇక్కడ నీళ్లు బాగా వస్తాయా?" అని అడిగింది. వస్తాయనే చెప్పాను. అబద్ధమాడి ఇల్లు నిలబెట్టుకునే ఖర్మ నాకు పట్టలేదు. యజమాని మాత్రం నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. "మాట ఇచ్చింది ఆయన, వెనక్కి తీసుకోవాల్సిందీ ఆయనే" అన్నాడు. అందులో న్యాయముంది.

మీ బాధ నాకు తెలియక కాదు. పక్క కిరాణా కొట్టు మూసేశాక ఉప్పు కావాలన్నా మిట్ట ఎక్కి దిగాలి. నేను నడవలేను, మీరు సైకిలు మీద తేవాలి. మీరు లేకపోతే నేను పస్తు అని మీరూ అబ్బాయీ లెక్క కట్టారు. ఆ లెక్క ప్రకారం నెగ్గేది మీరే. అయితే ఆ లెక్కలో మీరు ఒకటి దాచారు.

టైలరు సైకిలు పెడలు విరిగింది. కొత్తది దొరికేదాకా మీ సైకిలు పెడలు ఇద్దామని మెట్ల కింద గోనెగుడ్డ తీయించాను. మీరు వెళ్తూ వెళ్తూ ఎందుకంత బిగించి కప్పారో అప్పుడు తెలిసింది. ఎడమ పెడలు వంకర. ఎడమ బ్రేకు గీసుకుపోయింది. ఎడమవైపు పిడి తొడుగు చిరిగింది. బెల్లు సొట్ట. మాస్టారు వంగి చూసి, "వదినగారూ, ఇది నిలబెట్టినప్పుడు తగిలిన దెబ్బ కాదు. మనిషి ఎక్కి ఉండగా పడింది" అన్నాడు. నర్సుకి ఉన్నట్టుండి తన చేతి గడియారం మీద మమకారం పుట్టుకొచ్చింది.

"నిజం చెప్పు" అన్నాను.

"తాతగారికి మాటిచ్చాను మామ్మా."

"ఆయనకి మాటిచ్చినవాళ్లంతా నా అన్నం తిన్నవాళ్లే. చెప్పు."

చెప్పింది. ఆవిడ మీద కోప్పడకండి, నా ముందు మాట దాచడం చేతనైనవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ పుట్టలేదు. వానలో బియ్యం మూట వెనక కట్టుకుని మిట్ట ఎక్కుతూ, పైదాకా పోయి, పడ్డారట. ఆవిడ వెనకే వస్తోందట. మిమ్మల్ని లేపి, మోచెయ్యి కడిగి, రోడ్డు మీది బియ్యం ఇద్దరూ చేతుల్తో ఎత్తి మూటలో పోశారట. మీరు ఇంటికొచ్చి మెట్ల గోడ గీసుకుందన్నారు. నేను పసుపు పెట్టాను. ఆ నెల బియ్యంలో రాళ్లున్నాయని బజారులో ఆ బియ్యం కొట్టుకి వెళ్లే వాళ్లందరి చేతా కొట్టువాడిని తిట్టించాను. రోడ్డు రాళ్లవి! పాపం ఆయన "మా బియ్యంలో కంకర రాదమ్మా" అని ఎంత మొత్తుకున్నాడో. మొన్న వెళ్లి ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను. ఎలా వెళ్లానో తర్వాత చెబుతాను.

ఆ మిట్ట దగ్గర ఈ ఊరంతా సైకిలు దిగి తోసుకుంటూ పోతుంది. కుర్రాళ్లు కూడా. మీరు ఒక్కరే ఏనాడూ దిగలేదు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని, మీ వీపు కనుమరుగయ్యేదాకా. మీకు తెలుసు నేను చూస్తున్నానని. ఇప్పుడు ఆ మిట్ట అంటే మీకు బెదురు పుట్టింది. దిగి తోద్దామంటే నా ముందు సిగ్గు. దానికంటే ఇల్లు ఖాళీ చెయ్యడం తేలిక అనుకున్నారు, అదీ నా మోకాళ్ల పేరు చెప్పి. నా మోకాళ్లు ఏ పాపం ఎరగవు, వాటి మీదికి నెట్టకండి.

ఇంత రాయించి ఆపాను. నర్సు నీళ్లు తాగింది. నేనూ తాగాను. ఎందుకంటే ఇకమీద చెప్పేది నా సంగతి. నేనూ ఒకటి దాచాను. మీరు కూర్చునే ఉన్నారు కదా?

మీ సైకిలుకి ఇప్పుడు మూడు చక్రాలు.

అరవకండి, పాప జడుసుకుంటుంది. మీ వెనక చక్రం పారెయ్యలేదు, తుడిచి, నూనె రాసి, మంచం పక్క గోడకి తగిలించాను. దాని స్థానంలో అడ్డంగా ఇరుసు వేసి రెండు చక్రాలు పెట్టించాను, వాటి మధ్య ఒక ఇనప పెట్టె. పక్క సందు వెల్డింగు ఆయన చేశాడు. మాస్టారు నేల మీద సుద్దతో బొమ్మ గీశాడు, ఆ గీతలు ఇంకా పోలేదు. బస్తా బియ్యం పెట్టినా ఒరగదు, ఆగినా పడదు, ఎత్తులో బ్రేకు పట్టుకుంటే వెనక్కి జారదు, దానికి వేరే చేతి బ్రేకు ఉంది. కూలి ఏమిచ్చానంటారా? వెల్డింగు ఆయన భార్య పుట్టింట్లో ఉంది. ఆయనకి అన్నం వండడం నేర్పాను. గణుపు లెక్క చెప్పగానే ఆయన వేలు చూపించాడు. పని చేసీ చేసీ గణుపులన్నీ అరిగి ఒకటే అయ్యాయి. ఆయనకి మాత్రం గ్లాసు లెక్క చెప్పాను.

అడక్కుండా చేశాను. మీరు అడక్కుండా ఇల్లు ఖాళీ చేస్తామన్నారు, నేను అడక్కుండా చక్రం పెట్టించాను. చెల్లుకి చెల్లు అనను. మీ చేతి వస్తువు అది, కోసేటప్పుడు నేను లోపలికి వెళ్లిపోయాను, ఆ చప్పుడు వినలేక. మీరు తిడితే పడతాను. ఒకసారి. రెండోసారి పడను.

తొక్కేది ఎవరంటారా? నేను.

అదొక కథ. బండి తయారవగానే మాస్టారు "నేను చూసిస్తాను" అని ఎక్కాడు. చిన్నప్పటినుంచీ సైకిలు తొక్కినవాడు. మలుపులో అలవాటుగా ఒంటిని పక్కకి వాల్చాడు. మూడు చక్రాల బండి వాలదు కదా! ఆయన ఒకవైపు వాలాడు, బండి తనకి తోచినట్టు పోయి ఎదురు గోడకి గుద్దింది. టైలరు నవ్వి, తను ఎక్కి, అదే గోడకి గుద్దాడు. నర్సు గోడ తప్పించుకుని కిటికీ అక్క పూలకుండీకి గుద్దింది. రెండు చక్రాలు వచ్చినవాళ్లెవరికీ మూడు చక్రాలు రాలేదు. వాళ్ల ఒళ్లు వినదు. నాకు ఏదీ రాదు కాబట్టి వాల్చడమంటే ఏమిటో తెలియదు. మధ్య గొట్టం ముందే కిందికి దింపించాను కాబట్టి సులువుగా ఎక్కి కూర్చున్నాను, హ్యాండిలు ఎటు తిప్పితే అటు పోయింది. బట్ట చక్రంలో పడకుండా టైలరు కాలి దగ్గర గుండీతో పట్టీ కుట్టిచ్చాడు. మోకాళ్లకి నడకంటే తొక్కడమే హాయిగా ఉంది, నర్సు కూడా చూసి మంచిదే అంది, కాకపోతే మిట్ట దగ్గర దిగమంది. దిగుతాను. అందరం దిగి, నా బండిని తలా ఒక చెయ్యి వేసి తోస్తాం. కొట్టువాడికి క్షమాపణ చెప్పడానికి వెళ్లింది దీని మీదే. ఉల్లిపాయల మెడలు నేనే నొక్కి తెచ్చుకుంటున్నాను.

గడిచిన ఆదివారం అబ్బాయి బీరువా కొలతలు తీసుకోవడానికి వచ్చాడు, వాడింట్లో ఎక్కడ పడుతుందో చూడ్డానికి. సరిగ్గా అప్పుడే నేను బజారు నుంచి మిట్ట దిగి వస్తున్నాను, బ్రేకు పట్టుకుని, వెనక మాస్టారు, టైలరు, నర్సు బెల్లులు కొట్టుకుంటూ. వాడి చేతిలో టేపు చుట్ట చుట్టుకుపోయింది. నోరు తెరిచాడు.

"ముందు సంచీ దింపు, తర్వాత తిట్టు" అన్నాను.

దింపాడు. బండి చుట్టూ తిరిగాడు. బ్రేకు నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. "నేనొకసారి..." అన్నాడు. ఎక్కాడు. గోడకి గుద్దాడు. లేచి దుమ్ము దులుపుకుంటూ చిన్నప్పుడు నవ్వినట్టు నవ్వాడండీ, ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి. మీరు చూడాల్సింది. అన్నం తిని వెళ్తూ, "అమ్మా, నాన్నకి తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. "చెప్పు. ఆయన సరే అంటే నాకేం అభ్యంతరం లేదు. రెండు వారాలకోసారి నేనొచ్చి బ్రేకు చూసి వెళ్తాను" అన్నాడు. బీరువా కొలత తియ్యకుండానే వెళ్లిపోయాడు. టేపు ఇక్కడే మరిచిపోయాడు.

కాబట్టి ఇప్పుడు అంతా మీ చేతిలో ఉంది. ఇంటి యజమానికి ఒక్క ముక్క రాయండి, మేము ఉంటున్నాం అని. నెలాఖరులోపు అందాలి. మీకు మనసొప్పకపోతే, నాలుగో అంతస్తే కావాలనుకుంటే, అదీ నాకు రాయండి, కానీ మోకాళ్ల పేరు పెట్టి కాదు, మీ పేరు పెట్టి రాయండి. అప్పుడు నేను ఆలోచిస్తాను. నిజంగా ఆలోచిస్తాను. మీరు భయపడి ఈ వీధిలో ఉండడం నాకు వద్దు. మీరు దిగి తోస్తుంటే చూసి నేను నవ్వుతానని మాత్రం అనుకోకండి. ఆ రోజు వానలో నేను వెనకున్నా, నవ్వేదాన్ని కాదు. బియ్యం ఎత్తేదాన్ని.

మీరొచ్చే రోజు తెలియజేస్తే బస్సు ఆగే చోటికి బండి తెస్తాను. సామాను పెట్టెలో వెయ్యండి, మీరు పక్కన నడవండి. నలుగురూ చూస్తున్నారని ఉత్సాహపడి ఎక్కకండి. మర్నాడు పొద్దున నేనే నేర్పుతాను. మీరు అందరికంటే ఎక్కువ ఏళ్లు తొక్కారు కాబట్టి అందరికంటే గట్టిగా గుద్దుతారని మాస్టారు లెక్క కట్టి చెప్పాడు. అందుకని ఎదురు గోడకి మన పాత పరుపు నిలబెట్టి కట్టించాను.

అమ్మాయికి, అల్లుడికి దీవెనలు, పాపకి ముద్దులు. అన్నం మూత తియ్యకండి.

ఇట్లు,
ఈ ఇంట్లోనే ఉండి మీ ఉత్తరం కోసం చూసే
మీ ఇంటావిడ
(వేలిముద్ర)